విజయవాడ, గుంటూరు క్రైస్తవ కాలేజీల్లో బీబీఏ: సీటు నుంచి సర్టిఫికెట్ల దాకా

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తుంది. "అన్నా, లయోలాలో బీబీఏ తీసుకోవచ్చా?" "మా అమ్మాయిని మేరీస్ స్టెల్లాలో వేద్దామనుకుంటున్నాం, తర్వాత ఎంబీఏకి పనికొస్తుందా సార్?" "మేం హిందువులం, గుంటూరు ఏసీ (ఆంధ్రా క్రిస్టియన్) కాలేజీలో ఇబ్బందేం ఉండదు కదా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా మొత్తం వరస ఒకచోట రాసిపెడితే నయమనిపించింది.

ఏ కాలేజీ గొప్పదో, ఏది ఎప్పుడు పుట్టిందో ఇక్కడ ఉండదు. నా అభిప్రాయం ఒకటి మాత్రం ముందే చెప్పేస్తాను. ఒట్టి డిగ్రీగా చూస్తే బీబీఏ (వ్యాపార నిర్వహణ డిగ్రీ) పలచనిదే. లెక్కల సబ్జెక్టులు గట్టిగా పట్టుకుని, ఊళ్ళో వ్యాపారాన్ని దగ్గరుండి చూసినవాళ్ళ చేతిలోనే దానికి బరువొస్తుంది. కింద రాసినవన్నీ ఆ ఆలోచనతోనే రాశాను.

## 1. బీబీఏనా, బీకామా? ముందు ఇది తేల్చుకోండి

- సీఏ, సీఎంఏ వంటి అకౌంటెన్సీ కోర్సుల వైపు చూపుంటే బీకామ్ తీసుకోండి. అకౌంట్స్, ట్యాక్స్ పేపర్లు అందులో ఎక్కువ.
- ఎంబీఏ, సేల్స్, హెచ్ఆర్, బ్యాంకు, ఇంటి వ్యాపారం అనుకుంటే బీబీఏ సరిపోతుంది.
- గ్రూప్స్, పోలీసు, సచివాలయం ఉద్యోగాలకు రెండిట్లో ఏదైనా ఒకటే. దగ్గరున్న, ఖర్చు తక్కువైన కాలేజీ చూసుకోండి.

ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవాళ్ళైనా బీబీఏలో చేరవచ్చు. సీఈసీ, ఎంఈసీ వాళ్ళకు మొదటి సెమ్‌లో అకౌంట్స్ కొంచెం తేలిక. ఎంపీసీ వాళ్ళకు స్టాటిస్టిక్స్ తేలిక. బైపీసీ నుంచి వచ్చేవాళ్ళు డెబిట్, క్రెడిట్ అంటే ఏమిటో చేరకముందు వేసవిలోనే చూసుకుంటే మంచిది.

ఇంటి వ్యాపారం ఉన్న పిల్లలకు ఒక మాట. "ఎలాగూ కొట్లో కూర్చోవాల్సిందే కదా, ఏదో ఒక డిగ్రీ" అనుకుని చేరితే మూడేళ్ళూ దండగవుతాయి. నిజానికి ఈ కోర్సు అందరికన్నా ఎక్కువ ఉపయోగపడేది మీకే. చదివిన ప్రతి పాఠాన్నీ ఆ సాయంత్రమే కొట్లో పరీక్షించుకోవచ్చు.

## 2. క్యాంపస్ చూసి మురిసిపోకముందు కాగితాలు చూడండి

తల్లిదండ్రులు కాలేజీకి రాగానే చెట్లు, గ్రౌండు, చర్చి చూస్తారు. అవి ఎక్కడికీ పోవు. ముందు ఆఫీసు కిటికీ దగ్గర ఇవి అడగండి.

యూనివర్సిటీ ఏది? విజయవాడ డిగ్రీ కాలేజీలు కృష్ణా విశ్వవిద్యాలయం కిందికి, గుంటూరువి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. చివర్లో డిగ్రీ ఇచ్చేది ఆ యూనివర్సిటీయే.

అటానమస్సా, కాదా? ఆంధ్రా లయోలా, మేరీస్ స్టెల్లా అటానమస్ కాలేజీలు. అంటే సిలబస్, ప్రశ్నపత్రం, పరీక్షల తేదీలు, దిద్దుబాటు కాలేజీ చేతిలోనే ఉంటాయి. ఫలితాలు త్వరగా వస్తాయి. ఇంటర్నల్స్ (సెమ్ మధ్యలో కాలేజీయే వేసే మార్కులు) బరువు ఎక్కువ ఉండొచ్చు. సీనియర్లు వేరే కాలేజీవాళ్ళైతే వాళ్ళ నోట్సు మీకు సరిపోకపోవచ్చు. యూనివర్సిటీ పరీక్షలు రాసే కాలేజీలో అయితే పాత ప్రశ్నపత్రాలు ఎక్కడైనా దొరుకుతాయి.

ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యామండలి) అనుమతి ఉందా? 2024–25 విద్యాసంవత్సరం నుంచి బీబీఏ, బీసీఏ, బీఎంఎస్ కోర్సులు ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి. కాలేజీకి ఎంత పేరున్నా, మీరు చేరే కోర్సుకు ఆ ఏటి అనుమతి ఉందో లేదో అడిగి తెలుసుకోండి. ఇలా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఏ స్పెషలైజేషన్, ఎన్ని సీట్లు? బిజినెస్ అనలిటిక్స్, లాజిస్టిక్స్, రిటైల్ అంటూ పేర్లు ఉంటాయి. కోర్సు పేరు పక్కన పెట్టి ఐదో సెమ్ సబ్జెక్టుల జాబితా చూపించమనండి. పేరులో అనలిటిక్స్ ఉండి జాబితాలో కంప్యూటర్ ల్యాబ్ పేపర్లు రెండో మూడో అయినా లేకపోతే అది మామూలు బీబీఏనే.

పాఠం చెప్పేదెవరు? ఇంగ్లీషు, ఎకనామిక్స్ వంటి పాత శాఖల్లో స్థిరంగా ఉన్న అధ్యాపకులుంటారు. బీబీఏ ఎక్కువ చోట్ల తర్వాత మొదలైన, ప్రభుత్వ సాయం లేని (అన్‌ఎయిడెడ్) కోర్సు. ఫీజూ ఎక్కువే, సార్లు మారిపోవడమూ ఎక్కువే. రెండో ఏడాది పిల్లల్ని క్యాంటీన్ దగ్గర పట్టుకుని "అకౌంట్స్ సార్ ఎంతకాలంగా ఉన్నారు?" అని అడగండి. ఆ ఒక్క జవాబుతో చాలా తెలిసిపోతుంది.

## 3. ఏ కోటాలో చేరుతున్నారో రాతపూర్వకంగా తెలుసుకోండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఒకే క్లాసులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు వేర్వేరు కోటాల్లో వచ్చి ఉండొచ్చు. దాన్నిబట్టి ఫీజు, స్కాలర్‌షిప్పు రెండూ మారిపోతాయి.

మొదటిది కన్వీనర్ సీటు. 2020 నుంచి రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఓఏఎండీసీ పేరుతో ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాలు నడుపుతోంది. రిజిస్ట్రేషన్, సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్లు, సీటు కేటాయింపు, కాలేజీలో రిపోర్టింగ్ అనే వరసలో సాగుతుంది. వెబ్ ఆప్షన్లలో కాలేజీ, కోర్సు జంటగా పెట్టాలి. "లయోలా" అని పెట్టేస్తే సరిపోదు, ఏ కోర్సో సరిగ్గా ఎంచుకోవాలి. మీకు నిజంగా కావలసింది పైన పెట్టండి. "అక్కడ రాదేమో" అని కిందికి నెట్టడంలో లాభం లేదు. పై ఆప్షన్ రాకపోతే కిందిది ఎలాగూ చూస్తారు.

రెండోది మేనేజ్‌మెంట్ సీటు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదనే లెక్కతోనే ఇందులో చేరండి. కౌంటర్ దగ్గర ఎవరో "తర్వాత చూద్దాంలే" అంటే ఆ మాట మీద మూడేళ్ళ బడ్జెట్ వేసుకోవద్దు.

మూడోది క్రైస్తవ మైనారిటీ సీటు. రాజ్యాంగం 30(1) అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలను నెలకొల్పుకుని నడుపుకునే హక్కు ఇస్తుంది. ఆ హక్కుతోనే ఈ కాలేజీలు తమ సముదాయానికి కొన్ని సీట్లు ఉంచుకుంటాయి. దానికి చర్చి నుంచి రుజువు అడుగుతారు. కథోలికులైతే విచారణ గురువులు ఇచ్చే జ్ఞానస్నాన పత్రం, లూథరన్, బాప్టిస్టు సంఘాలవాళ్ళైతే అయ్యగారి సంతకం, సంఘం ముద్ర ఉన్న బాప్తిస్మ పత్రం. కౌన్సెలింగ్ తేదీ ముందు రోజు పరుగెత్తకండి. రిజిస్టర్ తీసి రాసివ్వడానికి వాళ్ళకూ సమయం పడుతుంది.

ఇక్కడే ఒక సున్నితమైన విషయం ఉంది. మొహమాటపడి ఎవరూ చెప్పరు కనుక చెబుతున్నాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్తులకే. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్ళు, వాళ్ళ సంతానం మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. వాళ్ళకు 1 శాతం రిజర్వేషన్. ఎస్టీలకు ఈ మత నియమం లేదు. ఎస్సీ సర్టిఫికెట్టూ, బాప్తిస్మ పత్రమూ ఒకే దరఖాస్తుకు జత చేస్తే ఒకటి రెండోదాన్ని కొట్టేస్తుంది. సీటు సమయంలో గమనించకపోయినా ఉద్యోగం వేళ పరిశీలనలో బయటపడుతుంది. ఇంట్లో కూర్చుని, పదో తరగతి రికార్డులోనూ కుల సర్టిఫికెట్‌లోనూ ఏముందో చూసి, ఒకే దారి ఎంచుకోండి. బీసీ-సి సర్టిఫికెట్, మైనారిటీ సీటు కూడా ఒకటి కావు. మొదటిది రెవెన్యూ శాఖ ఇచ్చేది, రెండోది కాలేజీ ప్రవేశానికి సంబంధించినది.

## 4. ఫైలు సిద్ధం చేసుకోండి

ప్లాస్టిక్ ఫోల్డరు ఒకటి కొని ఈ వరసలోనే పెట్టండి:

- పదో తరగతి మార్కుల మెమో (పేరు, పుట్టిన తేదీకి ఇదే ఆధారం)
- ఇంటర్ మెమో. సీబీఎస్ఈ వాళ్ళైతే మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా
- టీసీ
- 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు
- కుల, ఆదాయ సర్టిఫికెట్లు (సచివాలయం లేదా మీసేవ)
- రైస్ కార్డు ఉంటే దాని నకలు
- ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు
- మైనారిటీ సీటుకైతే చర్చి పత్రం
- ఫొటోలు, అన్నీ ఒకే రోజు దిగినవి
- ప్రతి కాగితానికీ మూడు జిరాక్సులు, ఫోనులో స్కాన్లు

టీసీ ఒరిజినల్ కాలేజీకి ఇచ్చేస్తారు. ఇచ్చే ముందు రంగు స్కాన్ తీసుకుని, అందుకున్నట్టు రసీదు అడగండి.

పేరులో అక్షరాల తేడా చూసుకోండి. పదో తరగతిలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటే స్కాలర్‌షిప్పు దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఆధార్‌ను పదో తరగతి మెమోకి తగ్గట్టు మార్చుకోండి. మెమో మార్పించడం చాలా కష్టం.

## 5. ఫీజు: ఒక కాగితం మీద మూడేళ్ళకూ లెక్క

కౌంటర్లో చెప్పే ట్యూషన్ ఫీజు మొత్తం ఖర్చు కాదు. స్పెషల్ ఫీజు, పరీక్ష ఫీజు, ల్యాబ్, యూనిఫామ్, బస్సు పాసు, హాస్టలు, కాషన్ డిపాజిట్, చివరి ఏడాది ప్రాజెక్టు బైండింగు దాకా రాసుకోండి. తెనాలి నుంచో మంగళగిరి నుంచో రోజూ వచ్చేవాళ్ళు హాస్టలు ఖర్చునూ, రోజుకు రెండు మూడు గంటల ప్రయాణాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండో ఏట చదువు పెరుగుతుంది. అప్పుడు ఆ గంటలు గుర్తొస్తాయి.

రీయింబర్స్‌మెంట్ అర్హత ఉన్నవాళ్ళు ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల జ్ఞానభూమి పోర్టల్‌లో తమ వివరాలు నమోదయ్యాయో లేదో మొదటి నెలలోనే కాలేజీ స్కాలర్‌షిప్పు సెక్షన్‌లో చూసుకోవాలి. ట్యూషన్ ఫీజును ఆర్టీఎఫ్ అనీ, భోజన వసతి ఖర్చును ఎంటీఎఫ్ అనీ అంటారు. రెండిటికీ 75 శాతం హాజరు తప్పనిసరి. బ్యాంకు ఖాతా ఆధార్‌తో ముడిపడి ఉండాలి. ఖాతా ఉన్నంత మాత్రాన చాలదు, ఎన్‌పీసీఐ సీడింగ్ (ప్రభుత్వ డబ్బు ఆధార్ ద్వారా ఆ ఖాతాలోనే పడేలా చేసే ముడి) అయిందో లేదో బ్యాంకులో అడగండి.

డబ్బు విడుదల ఆలస్యమైతే కాలేజీలు ముందు మిమ్మల్ని కట్టమంటాయి. మూడు వాయిదాలు ఇవ్వమని ప్రిన్సిపాల్ పేరిట ఉత్తరం రాయండి. ఫాదర్లు, సిస్టర్లు నడిపే చోట తండ్రో తల్లో స్వయంగా వెళ్ళి, ఇంటి పరిస్థితి దాచకుండా చెబితే వింటారు. పరీక్ష ఫీజు చివరి తేదీ నాడు ఏడుస్తూ వెళితే ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు.

## 6. ప్రేయర్, విలువల క్లాసు, దీక్షలు

క్రైస్తవేతర కుటుంబాల సందేహం ఇదే కాబట్టి సూటిగా చెబుతాను. ఉదయం ప్రేయర్ ఉంటుంది, మౌనంగా నిలబడితే చాలు. చాలా చోట్ల వారానికో గంట విలువల క్లాసు పెట్టి కథోలిక పిల్లలకు సత్యోపదేశం (క్రైస్తవ బోధ), మిగతావాళ్ళకు నైతిక విద్య చెబుతారు. రాజ్యాంగం 28(3) ప్రకారం ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న సంస్థలో ఎవరినీ వారి సమ్మతి లేకుండా, మైనర్లైతే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధకు హాజరు కమ్మని బలవంతం చేయకూడదు. నైతిక విద్య పేపరుకు మార్కులుంటే మాత్రం అది మామూలు సబ్జెక్టే, ఎగ్గొట్టకండి.

అయ్యప్ప మాల, భవానీ దీక్ష వేసుకునేవాళ్ళు యూనిఫామ్ విషయమై ముందు వారమే ప్రిన్సిపాల్‌కు ఉత్తరం ఇచ్చి మాట్లాడండి. దీక్ష దుస్తుల్లో గేటు దగ్గరికి వెళ్ళి వాచ్‌మన్‌తో వాదన పెట్టుకుంటే ఆ రోజు క్లాసు పోవడమే మిగులుతుంది.

హాస్టల్లో స్టడీ అవర్, ఫోను వేళలు, బయటికి వెళ్ళే పాసు గట్టిగా పాటిస్తారు. తపస్కాలం (ఈస్టర్ ముందు ఉపవాస కాలం) శుక్రవారాల్లో మెస్సులో మాంసం ఉండకపోవచ్చు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మాత ఉత్సవాలు. ఏలూరు రోడ్డు వైపు నుంచి వచ్చేవాళ్ళు ఆ మూడు రోజులూ గంట ముందే బయల్దేరాలి.

## 7. మొదటి నెల పనులు

1. హెచ్‌వోడీ (శాఖాధిపతి) దగ్గర ఆరు సెమ్‌ల సిలబస్ కాపీ తీసుకోండి.
2. ఇంటర్నల్స్‌కు ఎన్ని మార్కులు, అందులో అసైన్‌మెంట్‌కు, సెమినార్‌కు, మిడ్స్‌కు ఎంతెంతో రాసుకోండి.
3. మీకు కేటాయించిన మెంటర్ ఎవరో కనుక్కుని, ఒకసారి వెళ్ళి మీ గురించి చెప్పుకోండి.
4. లైబ్రరీ కార్డు చేయించుకోండి. సొంతానికి కావాలంటే విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు సగం ధరకో అంతకన్నా తక్కువకో దొరుకుతాయి. కొనేటప్పుడు ఎడిషన్ చూడండి. ట్యాక్స్, జీఎస్టీ పుస్తకాలు మాత్రం పాతవి వద్దు.
5. హాజరు లెక్క మీరే వేసుకోండి. సెమ్‌లో 90 పనిదినాలుంటే 75 శాతానికి 68 రోజులు కావాలి. అంటే చేతిలో ఉన్నవి 22. పెళ్ళిళ్ళు, జ్వరాలు, సంక్రాంతికి రెండు రోజులు ముందు వెళ్ళిపోవడం అన్నీ ఇందులోంచే.

## 8. సబ్జెక్టులు చదివే పద్ధతి

బీబీఏలో సబ్జెక్టులు రెండు రకాలు. మాటల సబ్జెక్టులు, లెక్కల సబ్జెక్టులు. పిల్లలు మొదటివి బట్టీపడతారు, రెండోవి పరీక్ష ముందు చూద్దామనుకుంటారు. చేయాల్సింది దీనికి పూర్తిగా తలకిందులు.

లెక్కలవి రోజూ. అకౌంట్స్, స్టాటిస్టిక్స్, కాస్ట్ అకౌంటింగ్ రోజుకు ఒక్క సమస్య, పెన్నుతో, చివరిదాకా. జవాబు చూసి "అర్థమైంది" అనుకోవడం చదువు కాదు.

బ్రేక్ ఈవెన్ (లాభనష్టాలు సమానమయ్యే చోటు) ఎలా నేర్చుకోవాలో చూడండి. ఇడ్లీ బండి అనుకుందాం. ప్లేటు 40 రూపాయలు. పిండి, పచ్చడి, గ్యాసు, ఆకు కలిపి ప్లేటుకు 22. మిగులు 18. పనిమనిషి కూలి, బండి అద్దె కలిపి రోజుకు 900. 900ను 18తో భాగిస్తే 50. యాభయ్యో ప్లేటు దగ్గర లాభమూ లేదు, నష్టమూ లేదు. మినప్పప్పు ధర పెరిగి ప్లేటు ఖర్చు 25 అయితే మిగులు 15కు పడి, ఆ సంఖ్య 60కి ఎక్కుతుంది. ఇది ఒకసారి సొంతంగా లెక్కేసినవాడు పరీక్షలో ఫార్ములా మరిచిపోయినా జవాబు రాబట్టగలడు.

మాటలవి మనుషుల మీద. మేనేజ్‌మెంట్ పాఠంలోని ఫేయోల్ 14 సూత్రాలు వరసగా అప్పజెప్పడం కన్నా ఒక బట్టల దుకాణాన్ని ఎంచుకోండి. ఒకే ఉద్యోగికి ఓనరు, ఓనరు తమ్ముడు, మేనేజరు ముగ్గురూ పని చెబుతుంటారు. "ఒకరికి ఒకే పైఅధికారి" అనే సూత్రం అక్కడ ఎలా దెబ్బతింటోందో రాయండి. మాస్లో అవసరాల మెట్లకు సేల్స్‌మన్ జీతం, పండగ బోనసు, ఓనరు ఇచ్చే గౌరవం ఉదాహరణలు. జవాబుపత్రంలో రెండు లైన్ల నిర్వచనం, బొమ్మ, ఉపశీర్షికలు, చివర ఇలాంటి ఒక సొంత ఉదాహరణ ఉంటే దిద్దేవాళ్ళ కన్ను ఆగుతుంది. అందరూ రాసే అంబానీ, టాటా ఉదాహరణలు వాళ్ళు ఎన్ని వేల సార్లు చదివుంటారో!

చట్టం బజారులో. విజయవాడ బీసెంట్ రోడ్డులో అద్దాల వెనక ఫోను పెట్టి ధర చీటీ తగిలిస్తారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం పాఠంలో అది ప్రతిపాదన కాదు, ప్రతిపాదన చేయమని ఆహ్వానం మాత్రమే. "ఈ ధరకిస్తారా?" అని అడిగేది మీరు, ఒప్పుకోవలసింది షాపువాళ్ళు. మైనరుతో చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లో ప్రివీ కౌన్సిల్ మోహరీ బీబీ కేసులో తేల్చింది. పదిహేడేళ్ళ తమ్ముడు సంతకం పెట్టిన అప్పు కాగితం ఉదాహరణగా తీసుకోండి, ఇక మర్చిపోరు.

జీఎస్టీ బిల్లుతో. ఏ దుకాణం బిల్లయినా తీసుకోండి. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండూ రాష్ట్రం కోడ్, మనకు 37. తర్వాతి పది పాన్ నంబరు. సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ రెండూ సమానంగా ఉంటే రాష్ట్రంలోపలి అమ్మకం, ఐజీఎస్టీ ఉంటే బయటి రాష్ట్రానిది. పది బిల్లులు చూస్తే ఒక యూనిట్ అయిపోయినట్టే.

తెలుగు మీడియం నుంచి వచ్చారా? మొదటి సెమ్‌లో భయం సహజం. సబ్జెక్టుకు ఇరవై ముప్పై ఇంగ్లీషు మాటలే మళ్ళీమళ్ళీ వస్తాయి. వాటికి తెలుగులో మీ అర్థం పక్కన రాసుకోండి. విషయం తెలుగులోనే అర్థం చేసుకోండి, జవాబు మాత్రం చిన్నచిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాయడం అలవాటు చేయండి. వారానికో జవాబు రాసి మెంటర్‌కు చూపించండి. రెండో సెమ్‌కల్లా తేడా తెలుస్తుంది.

వీటితోపాటు ఎక్సెల్. వీ-లుకప్ (VLOOKUP), పివట్ టేబుల్, షరతులతో కూడికలు రెండో ఏడాది ముగిసేలోపు చేతికి రావాలి. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ట్యాలీ దాని తర్వాత. డిజిటల్ మార్కెటింగ్ సర్టిఫికెట్ల వెంట ముందే పడకండి.

## 9. ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్: ఈ రెండు ఊళ్ళలో ఉన్న లాభం

మన రాష్ట్రం డిగ్రీ పద్ధతిలో మొదటి ఏడాది తర్వాత 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత వేసవి ఇంటర్న్‌షిప్, చివరి ఏడాది సెమ్ పొడుగు ఇంటర్న్‌షిప్ పెట్టారు. అటానమస్ కాలేజీల్లో గంటలు, వరస కొంత మారొచ్చు. ఎక్కువమంది దీన్ని సంతకాల పనిగా చూస్తారు. మూడేళ్ళలో ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి మిగిలేది ఇదొక్కటే అని నా గట్టి నమ్మకం.

ఫలానా బ్రాండు మీద వినియోగదారుల సంతృప్తి అనే అంశం తీసుకోకండి. వంద ప్రశ్నపత్రాలు హాస్టల్లో ఒకే రాత్రి, రెండే చేతిరాతల్లో నిండిపోతాయి. దానికన్నా వీటిని చూడండి:

- గుంటూరు మిర్చి యార్డు: రైతు సరుకు వెంటనే అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా?
- విజయవాడ వన్‌టౌన్ వస్త్రలత: హోల్‌సేల్ బట్టల వ్యాపారి అరువు ఎన్ని రోజులకు తిరిగొస్తోంది?
- ఆటోనగర్: స్పేర్ పార్టుల షాపులో ఏ సరుకు కదులుతోంది, ఏది దుమ్ము పడుతోంది? ఏబీసీ విశ్లేషణకు (సరుకును విలువను బట్టి మూడు తరగతులుగా విడదీయడం) ఇంతకన్నా మంచి చోటు దొరకదు.
- మంగళగిరి చేనేత: నేతగాడి నుంచి మాస్టర్ వీవర్, అక్కణ్ణుంచి దుకాణం దాకా చీర ధర ఎక్కడెక్కడ పెరుగుతోంది?

మొదటిదాన్ని ఎలా చేయాలో కొంచెం వివరంగా.

ముందు కాలేజీ లెటర్‌హెడ్ మీద పరిచయ లేఖ తీసుకోండి. యార్డులో నేరుగా లోడు దిగే చోటికి వెళ్ళి ప్రశ్నలు వేస్తే ఎవరూ ఆగరు. ఒక కమీషన్ ఏజెంటును తెలిసినవాళ్ళ ద్వారా పట్టుకోండి. గుంటూరు, పల్నాడు వైపు ఏ క్లాసులోనైనా మిర్చి రైతు బిడ్డ ఒకరుంటారు, వాళ్ళే మీ దారి. పొద్దున్నే వెళ్ళండి. టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగడం, మచ్చు చూడటం, ధర ఖాయం కావడం, కాటా, చీటీ అన్నీ ఒక రోజంతా చూడండి, ఏమీ అడగకుండా. ప్రశ్నలు రెండో రోజు.

మాటలు నేర్చుకుని వెళ్ళండి. తేజ, 334, 341, బాడిగ అనేవి మిర్చి రకాలు. రంగు పోయిన, నాసిరకం కాయను తాలు అంటారు. తాలు ధర వేరే. "మంచి సరుకు", "చెడ్డ సరుకు" అని రిపోర్టులో రాస్తే యార్డు మొహం చూడలేదని తెలిసిపోతుంది.

లెక్క ఇలా కట్టండి. నిల్వ పెడితే అయ్యే ఖర్చులో స్టోరేజీ అద్దె, రవాణా, హమాలీ, అప్పు తెచ్చిన డబ్బుకు అన్ని నెలల వడ్డీ, బరువు తరుగు, రంగు తగ్గితే పడే ధర ఉంటాయి. క్వింటాలుకు ఇవన్నీ కూడి, ఈరోజు ధరకు కలపండి. ఆ మొత్తం కన్నా రేపటి ధర ఎక్కువైతేనే నిల్వలో లాభం. ఐదుగురు రైతుల అసలు అంకెలతో ఈ పట్టిక వేస్తే మీ రిపోర్టులో పది పేజీల సిద్ధాంతం కన్నా అది బరువు తూగుతుంది. వడ్డీ చాలామంది రైతులు లెక్కలోకే తీసుకోరు, మీరు తప్పకుండా అడగండి.

కాలం చూసుకోండి. యార్డులో రద్దీ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. మే నెలలో వేసవి సెలవులు ఇస్తారు. కాలేజీ ఇంటర్న్‌షిప్ కూడా అప్పుడే పడుతుంది! కనుక యార్డు పరిశీలన మార్చిలోనే సెలవు రోజుల్లో ముగించి, మేలో కోల్డ్ స్టోరేజీల దగ్గర, రైతుల ఇళ్ళ దగ్గర అంకెలు సేకరించండి.

జిరాక్స్ షాపుల్లో రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్ముతారు. ఏటేటా అవే తిరుగుతుంటాయి, వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

## 10. తరచూ జరిగే తప్పులు, సవరణలు

హాజరు 75 కన్నా తగ్గింది. సెమ్ చివరిదాకా ఆగకండి. మధ్యలోనే హెచ్‌వోడీని కలవండి. అనారోగ్యమైతే డాక్టరు సర్టిఫికెట్ అదే వారంలో ఇవ్వండి, తర్వాత తెచ్చినవాటిని నమ్మరు. 65 నుంచి 75 మధ్య ఉంటే సాధారణంగా కండోనేషన్ ఫీజుతో (హాజరు లోటును మన్నించడానికి కట్టేది) అనుమతిస్తారు. స్కాలర్‌షిప్పుకు మాత్రం ఆ ఫీజు పనిచేయదు.

అకౌంట్స్ బ్యాక్‌లాగ్ పడింది. తర్వాతి సెమ్‌లో కాస్ట్ అకౌంటింగ్, ఆపైన ఫైనాన్స్ దానిమీదే నిలబడతాయి. ట్యూషన్ కన్నా ముందు జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ వరకే మళ్ళీ మొదట్నుంచి చేయండి. తొంభై శాతం గందరగోళం అక్కడే ఉంటుంది.

సెమినార్ అంటే వణుకు. ప్రేయర్ అసెంబ్లీలో ఆలోచన చదవడం, డిపార్ట్‌మెంట్ ఫెస్ట్‌లో స్టాల్ నడపడం వంటి చిన్న పనులకు పేరిచ్చుకోండి. ఈ కాలేజీల్లో అలాంటి సందర్భాలు కావలసినన్ని. వెనక బెంచీలో కూర్చున్నంతకాలం ఆ భయం పోదు.

కోర్సు నచ్చలేదు. మొదటి కొద్ది వారాల్లో సీటు ఖాళీ ఉంటే బీకామ్‌కు మారవచ్చు. ఆ తర్వాత మారడం కన్నా ముగించడమే మేలు.

## 11. మూడో ఏడాది: ఐసెట్, నిష్క్రమణ

మూడేళ్ళ డిగ్రీ మీద నాలుగో ఏడాది చదివే ఆనర్స్ అందరికీ అవసరం లేదు. ఎంబీఏ అనుకునేవాళ్ళు మూడేళ్ళ డిగ్రీతో బయటికి రావచ్చు. యూజీసీ నిబంధనల్లో పరిశోధనతో కూడిన ఆనర్స్‌కు మొదటి ఆరు సెమ్‌లలో 75 శాతం మార్కులు కావాలి. పరిశోధన వైపు మనసుంటేనే అది చూడండి.

ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఏపీ ఐసెట్‌ను చివరి ఏడాది పిల్లలూ రాయవచ్చు. 200 ప్రశ్నలు, 200 మార్కులు, రెండున్నర గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. అర్హతకు 25 శాతం, అంటే 50 మార్కులు. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నియమం లేదు. అర్హత రావడం తేలికే, మంచి కాలేజీ ర్యాంకు వేరే సంగతి. ఐదో సెమ్‌లో రోజుకు గంట, విశ్లేషణ ప్రశ్నలతో మొదలుపెట్టండి. నెగెటివ్ లేదు కనుక ఒక్క ప్రశ్నా ఖాళీగా వదలకండి. డిగ్రీలో 50 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకు 45 శాతం తప్పనిసరి. ర్యాంకు వచ్చి, డిగ్రీలో 48 దగ్గర ఆగిన ఓసీ విద్యార్థికి సీటు రాదు.

చివరగా ఆఫీసు పని. నో డ్యూస్ కాగితం మీద లైబ్రరీ, ల్యాబ్, హాస్టలు, స్పోర్ట్స్ సంతకాలు పరీక్షలు అయిన వారంలోనే పెట్టించుకోండి, సెలవులిస్తే ఎవరూ దొరకరు. టీసీ, కాండక్ట్, అన్ని సెమ్‌ల మెమోలు, కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ తీసుకుని పేర్లు, నంబర్లు కౌంటర్ దగ్గరే సరిచూడండి. వేరే యూనివర్సిటీలో చేరేటట్టయితే మైగ్రేషన్‌కు అప్పుడే దరఖాస్తు పెట్టండి. మొదటి ఏడాది కట్టిన కాషన్ డిపాజిట్ రసీదు దాచి ఉంటే ఆ డబ్బూ తిరిగి అడగొచ్చు.